ఇచ్చుటయా, ప్రతి తీయుటయా?

ఇటీవల తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు నన్నిట్లడిగెను: "మాస్టారూ! నా పుస్తకం స్నేహితుడికి చదువుకోమని ఇస్తే తప్పు లేదు కదండీ? అదే పుస్తకం ఫైలు ఫోనులో పంపితే తప్పెందుకవుతుందండీ?"

ప్రశ్న చిన్నదే గాని సమాధానము నాకు వెంటనే తోచలేదు.

పుస్తకము నిచ్చినప్పుడు అది మన చేతినుండి పోవును. బీరువాలో దాని చోటు ఖాళీగా నుండును. తిరిగి వచ్చునో రాదో యను బెంగయు నుండును. (ఈ బెంగ ఎఱుగని ఉపాధ్యాయుడు లేడు!) ఫైలును పంపినచో మనది మన ఫోనులోనే యుండును, మిత్రుని ఫోనులో మఱియొకటి పుట్టును. నలుబదిమంది యున్న వాట్సప్ గ్రూపులో పెట్టినచో, చూచుచుండగనే నలుబది ప్రతులు కావచ్చును.

మఱి పంపినవాడు తన ఫైలును చెఱిపివేసినచో? అమెరికాలో రీడిజి యను సంస్థ సరిగా ఈ వాదమునే చేసెను. కొన్న పాటల ఫైళ్లను పాత పుస్తకములవలె మారు విక్రయించుటకు అది 2011లో అంగడి తెఱచెను. ఫైలును తునుకలు తునుకలుగా తన యంత్రమునకు చేర్చుకొనుచు, చేరిన తునుకను అమ్మువాని కంప్యూటరునుండి అప్పటికప్పుడే తుడిచివేయు ఏర్పాటు చేసికొనెను. ఏ క్షణమునందును రెండు పూర్తి పాటలుండవు గనుక ఇది బదిలీయే గాని ప్రతి కాదని దాని వాదము. కాపిటల్ రికార్డ్స్ వారు వ్యాజ్యము తెచ్చిరి. 2013లో న్యూయార్కు న్యాయస్థానము ఆ వాదమును త్రోసిపుచ్చెను. 2018లో అప్పీలు కోర్టును అట్లే తీర్చెను. పాట క్రొత్త యంత్రమున నెలకొన్నప్పుడే క్రొత్త ప్రతి పుట్టినది. పాతదానిని చెఱిపినంత మాత్రమున పుట్టినది పుట్టకపోదు. తీర్పు కొంత కఠినముగా తోచినను ఆ తర్కము నాకు కాదనరానిదిగనే యున్నది.

మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టమును ఈ త్రోవనే నడచుచున్నది. రచనను ఎలక్ట్రానిక్ సాధనములతో నిలువచేయుటయు ప్రతి తీయుటయే యని దాని 14వ సెక్షను. రచయిత గతించిన పిమ్మట 60 సంవత్సరములవఱకు ఆ హక్కు నిలుచును. 1915లో కీర్తిశేషులైన గురజాడవారి 'కన్యాశుల్కము' మూలమును ఎవరైనను పంపుకొనవచ్చును. 1983లో గతించిన శ్రీశ్రీ రచనలకు 2043 కడవఱకు ఆగవలెను.

అయితే బోధనలో భాగముగా ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని ప్రతి తీసికొనుటకు 52వ సెక్షను అనుమతించుచున్నది. ఢిల్లీ విశ్వవిద్యాలయమున పాఠ్యభాగముల జెరాక్సు సంపుటములపై విదేశీ ప్రచురణకర్తలు 2012లో వేసిన దావాలో, 2016లో హైకోర్టు విద్యార్థులవైపే మొగ్గెను. కాని అది బోధనకు వలసిన మేరకే. సరదాకు పంచుకొను నవలకు ఆ నీడ లేదు.

మా విద్యార్థి పంపదలచినది బ్రతికియున్న యొక కథకుని సంపుటి. ఇదంతయు చెప్పితిని. వాడు విని, "ఆ పుస్తకం ఎక్కడా దొరకడం లేదండీ" అనెను. దానికి నావద్ద సమాధానము లేకపోయెను. బీరువానుండి నా ప్రతిని తీసి వాని చేతిలో పెట్టితిని. అది యింకను తిరిగి రాలేదు.