ఫోను గుర్తుచేస్తుంది... మాత్ర ఎవరిస్తారు?

హైదరాబాద్ మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అప్పట్లో ఆ చుట్టుపక్కల కనిపించినవి బండరాళ్లు, గుట్టలు, ముళ్లపొదలే. ఈనాడు అక్కడి నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా ఎటు చూసినా అద్దాల మేడలే. ఆ మేడల్లో కంప్యూటర్ల ముందు కూర్చునే వారిలో పల్లెల నుంచి వెళ్లిన పిల్లలు లెక్కకు మిక్కిలి. చేను కౌలుకిచ్చి కొందరు, నగలు కుదువబెట్టి కొందరు చదివించుకున్న బిడ్డలు వాళ్లు. సంక్రాంతికి ఇంటికొస్తే 'పట్నం నీళ్లు ఒంటబట్టాయి, కాస్త ఒళ్లు చేశాడు' అని ముసలమ్మలు మురిసిపోతుంటారు.

ఆ ఒళ్లు లోపల ఏం చేస్తోందో గచ్చిబౌలిలోనే ఉన్న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు పరీక్షించి చూశారు. ప్రొఫెసర్ కల్యాణ్‌కర్ మహదేవ్, ప్రొఫెసర్ సి.టి.అనిత, ఏఐజీ ఆసుపత్రి కాలేయ నిపుణుడు డాక్టర్ పి.ఎన్.రావు కలిసి చేసిన ఈ పరిశీలన 2025లో ప్రచురితమైంది. హైదరాబాద్‌లోని 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షించగా, నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు పేరుకుందని తేలింది. నూటికి 71 మంది ఉండాల్సిన దానికన్నా బరువున్నారు. కేంద్ర ఆరోగ్య మంత్రి జె.పి.నడ్డా అదే ఏడాది పార్లమెంటులో ఈ లెక్కనే ఉటంకించారు.

పరీక్షకు వచ్చింది 345 మందే కాబట్టి, ఆ వీధుల్లో పనిచేసే లక్షల మందికీ ఇదే లెక్క కట్టడం తొందరపాటే అవుతుంది. అయినా పట్టించుకోకుండా వదిలేసే అంకె కాదు. సారా ముట్టని వాడికి కూడా కాలేయం చెడుతుందంటే పల్లెల్లో నమ్మడం కష్టం. గంటల తరబడి కుర్చీ వదలకపోవడం, రాత్రి డ్యూటీలు, నిద్ర చాలకపోవడం, వేళగాని వేళ తినే తిండి, తీపి కూల్‌డ్రింకులు, ఇవన్నీ కలిస్తే ఒంట్లో ఖర్చు కాని శక్తి కొవ్వుగా మారి కాలేయంలో చేరుతుంది. ముందు నొప్పీ ఉండదు, బాధా ఉండదు. కొందరిలో అది ముదిరి కాలేయం గట్టిపడే దాకా పోతుంది. తొలి దశలో పట్టుకుంటే మాత్రం బరువు తగ్గించి, ఒళ్లు కదిలించి చాలావరకు వెనక్కి మళ్లించవచ్చని వైద్యులు చెబుతున్నారు.

ఇక మళ్లించడం ఎలాగన్నదే చిక్కు. 'నడవండి, తగ్గించి తినండి' అని చెప్పని డాక్టరు లేడు. విన్న రోగి మాత్రం తక్కువ. చేతిలో ఎప్పుడూ ఉండే ఫోనుతోనే ఆ మాట రోజూ చెప్పిస్తే వింటారా అని విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు పరీక్షలు పెట్టడం మొదలుపెట్టాయి.

రెండు మళ్ల లెక్క

ఈ పరీక్ష రైతులకు కొత్తేమీ కాదు. కొత్త ఎరువు మంచిదో కాదో తేల్చాలంటే ఒక మడిలో వేసి, పక్క మడిలో మానేసి, దిగుబడి పోల్చి చూస్తారు. రెండు మళ్లకూ నీరు, నేల, విత్తనం ఒకటే కావాలి. మనుషుల దగ్గరా అంతే. ఎవరికి ఫోను సందేశాలు పంపాలి, ఎవరికి పంపకూడదు అన్నది పరిశోధకుడు తన ఇష్టప్రకారం ఎంచుకుంటే లెక్క చెడుతుంది. ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లే ఒకవైపు చేరిపోతారు. అందుకే చీటీలు వేసినట్టు ఎంపిక చేస్తారు.

పుణె కె.ఇ.ఎం. ఆసుపత్రి పరిశోధన కేంద్రం వారు ఐ.టి. ఉద్యోగుల మీదే ఇలాంటి పరీక్ష చేసి 2017లో ఫలితం ప్రకటించారు. షుగర్ వచ్చే ముప్పు ఉన్న 265 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఏడాది పాటు వారానికి మూడు ఫోను సందేశాలు, రెండు ఈమెయిళ్లు పంపారు. ఏడాది తిరిగేసరికి ఆ జట్టులో అధిక బరువు ఉన్నవారి సంఖ్య నూటికి 6 తగ్గింది. రెండో జట్టులో నూటికి 7 దాకా పెరిగింది.

చెన్నైలో డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం అంతకుముందే, 2009 నుంచి 2012 దాకా, షుగర్ అంచున ఉన్న 537 మంది ఉద్యోగస్థులైన మగవారి మీద ఎస్సెమ్మెస్ పరీక్ష జరిపింది. ఇందుకు స్మార్ట్‌ఫోను కూడా అక్కర్లేదు, మామూలు ఫోను చాలు. సందేశాలు అందని జట్టులో నూటికి 27 మంది షుగర్ రోగులయ్యారు. అందిన జట్టులో 18 మందే అయ్యారు. కాసిని అక్షరాలతో నూటికి తొమ్మిది మంది తప్పించుకున్నారంటే మాటలు కాదు.

గోదావరి గట్టున

పట్నం పిల్లలకు పనికొచ్చింది పల్లె పెద్దలకు పనికొస్తుందా? దీనికి జవాబు గోదావరి జిల్లాల్లోనే వెతికారు. అసలు ఇక్కడికి ఎందుకొచ్చారో చెప్పుకోవాలి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఏడాదిలో జరిగిన 1,354 మరణాలకు కారణాలను ఇంటింటికీ వెళ్లి అడిగి తెలుసుకున్నారు. నూటికి 32 మంది పోయింది గుండెజబ్బు, పక్షవాతం వంటి రక్తనాళాల జబ్బులతోనే. అంటురోగాలతో పోయినవారు అందులో సగం కూడా లేరు. కొవ్వూ, బి.పి. పట్నం వాళ్ల జబ్బులన్న నమ్మకం ఆ లెక్కతోనే పోయింది.

ఆ తర్వాత జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల కింద 54 గ్రామాలను తీసుకుంది. 'స్మార్ట్‌హెల్త్ ఇండియా' అని దానికి పేరు. ఊళ్లో ఆశా కార్యకర్త చేతికి పలక లాంటి ట్యాబ్లెట్ కంప్యూటర్ ఇచ్చారు. కాన్పుల సంగతి, టీకాల సంగతి చూసుకునే ఆశా, 40 ఏళ్లు దాటినవారి ఇళ్లకు వెళ్లి బి.పి. చూసి, చుట్ట, బీడీ అలవాట్లు, ఇదివరకటి జబ్బులు అడిగి నమోదు చేసేది. గుండెజబ్బు ముప్పు ఎంత ఉందో ట్యాబ్లెట్ లెక్కగట్టి చూపేది. ముప్పు ఎక్కువైతే ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరకు పంపాలి. ఏ మందు రాయాలో డాక్టరుకూ అదే ఏర్పాటు సలహా ఇస్తుంది. ఆ తర్వాత రోగి మందు వాడుతున్నాడా లేదా అన్నది ఆశా చూసుకోవాలి. ఊళ్లన్నిటికీ ఒక్కసారే ఇవ్వకుండా విడతలవారీగా, చీటీల వరసలో ఇచ్చారు కాబట్టి పోల్చి చూడటానికి వీలైంది.

ఆశాలు చేసిన పని చిన్నది కాదు. 62 వేల మందికి పైగా, అంటే అర్హులైనవారిలో నూటికి 86 మందిని పరీక్షించారు. పెద్ద చదువులు లేని పల్లె ఆడవాళ్లు కంప్యూటర్ పట్టలేరన్న మాటకు అదే సమాధానం. అయితే 2019లో వెలువడిన అసలు ఫలితం మాత్రం నిరాశపరిచింది. ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో బి.పి. అదుపులోకి వచ్చినవారు, ట్యాబ్లెట్ ఉన్న కాలంలో నూటికి 41 మంది. లేని కాలంలో 39 మంది. లెక్కల శాస్త్రం ప్రకారం ఈ రెంటికీ తేడా లేనట్టే.

చెన్నైలో ఫలించిన ఫోను, ఇక్కడ ట్యాబ్లెట్‌గా మారి వచ్చి ఎందుకు ఫలించలేదు? చెన్నైలో ఉద్యోగులకు కావాల్సింది మందు కాదు. రెండు కాళ్లు, ఒక కంచం. ఆ రెండూ వారి చేతిలోవే. గోదావరి పల్లెల్లో గుర్తించిన వారికి నడక ఒక్కటే చాలదు, బతికినన్నాళ్లూ రోజూ బి.పి. మాత్ర కావాలి. అందుకు డాక్టరు కేంద్రంలో ఉండాలి, అక్కడిదాకా వెళ్లడానికి ఒక పూట కూలి వదులుకోవాలి, వెళ్తే మందు ఉండాలి, నెల తిరిగేసరికి మళ్లీ ఉండాలి. ఏ బాధా లేని జబ్బుకు ఇంత దూరం ఎవరు తిరుగుతారు? గొలుసులో మొదటి కొక్కెం మాత్రమే ఆశా చేతిలో ఉంది. మిగతావి ట్యాబ్లెట్ బిగించగలిగేవి కావు.

ఫలితం రాలేదని ఈ పరీక్షను దండగ అనుకునేవారు ఉండవచ్చు. నిజానికి ఇలా రానిదాన్ని రాలేదని అచ్చువేయడమే దాని విలువ. ఆరోగ్యం బాగుచేస్తామని ఫోనుల్లో అమ్ముడయ్యే యాప్‌లలో ఎన్ని ఇలాంటి పరీక్షకు నిలబడ్డాయో అడిగి చూస్తే తెలుస్తుంది.

ఫోన్లు లేని రోజుల్లోనే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రంగారెడ్డి జిల్లా 29 పల్లెల్లో ఇంకో రకం పరీక్ష చేసింది. 1987 నుంచి 1990 దాకా కొన్ని ఊళ్ల గర్భిణులకు, చిన్నపిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా వండి పెట్టారు. అంగన్‌వాడీ పథకం అప్పటికి అందని ఊళ్లతో పోల్చారు. ఇక్కడ చీటీలు వేయలేదన్న లోటు ఉంది. ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్లు వచ్చాక వెతికి మళ్లీ పరీక్షిస్తే, ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సెంటీమీటరున్నర దాకా పొడుగు ఉన్నారు. షుగర్‌కు దారితీసే లక్షణం వారిలో నూటికి 20 వంతులు తక్కువగా ఉంది. తల్లి కడుపులో ఉండగా పెట్టిన తిండి పదిహేనేళ్ల తర్వాత రక్తంలో కనిపించిందన్నమాట.

సంతకం పెట్టే ముందు

పరీక్షలంటే పల్లెల్లో అనుమానం ఉండటం సహజమే. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు, ఎక్కువగా గిరిజన బాలికలకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని బయటపడి, 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ప్రభుత్వం ఆపేసింది. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ టీకా చెడ్డదని కాదు. అడగవలసిన వారిని అడగకపోవడం మీదే ఆ రగడంతా.

నడక పరీక్ష అయినా, ఫోను పరీక్ష అయినా నీతి సంఘం అనుమతి ఉండాలి. చేరడం, చేరకపోవడం మనిషి ఇష్టం. చేరాక మధ్యలో ఎప్పుడైనా మానుకోవచ్చు. అందుకు కారణం చెప్పనక్కర్లేదు, మామూలుగా అందే వైద్యం ఆగకూడదు. ఫోను పరీక్షల్లో మరొకటి కూడా అడగాలి: బరువు, షుగర్, ఇంటి చిరునామా వంటి వివరాలు ఎవరి దగ్గర ఉంటాయి, ఎన్నాళ్లు ఉంటాయి అని. పరిశోధన వివరాలు ఉన్న కాగితం తెలుగులో ఇవ్వాలి, ఒక ప్రతి చేరినవారి దగ్గర ఉండాలి. చదువురాని వారికి ఆ కాగితం చదివి వినిపించి వేలిముద్ర తీసుకునేటప్పుడు, పరిశోధకులతో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండి తీరాలి.