గల్ఫ్‌లో ఉన్నవారి ఇల్లు కొంటున్నారా? టీడీఎస్ బాధ్యత మీదే

మన వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో చాలా కుటుంబాల్లో ఎవరో ఒకరు దుబాయ్‌లోనో, జెద్దాలోనో ఉంటారు. వాళ్లు ఇక్కడి ఇల్లు అమ్మితే కొనేది ఎక్కువగా చుట్టాలో, పక్కింటివాళ్లో. బయానా ఇస్తారు, రిజిస్ట్రేషన్ చేసుకుంటారు, పని అయిపోయిందనుకుంటారు. ఇన్‌కమ్ ట్యాక్స్ నోటీసు తర్వాత వస్తుంది. అదీ అమ్మినవారికి కాదు, కొన్నవారికి!

ఒక శాతం రూలు ఎవరికి?

అమ్మేవారు ఇక్కడే ఉండేవారైతే, ధర 50 లక్షలు లేదా ఆపైన ఉంటేనే కొనేవారు 1 శాతం టీడీఎస్ పట్టుకోవాలి. చాలామందికి తెలిసింది ఇదొక్కటే. అమ్మేవారు ఎన్నారై అయితే లెక్క వేరు. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 195 ప్రకారం 50 లక్షల పరిమితి లేదు. 10 లక్షల ఇంటికైనా టీడీఎస్ ఉంటుంది.

ఇల్లు 24 నెలలకు మించి వారి పేరున ఉంటే రేటు 12.5 శాతం (2024 జూలై 23 నుంచి). సెస్‌తో కలిపి 13 శాతం. 50 లక్షలు దాటితే సర్‌చార్జి కూడా పడుతుంది. 24 నెలల్లోపే అమ్మితే రేటు ఇంకా ఎక్కువ. ఇవి 2025-26 ఆర్థిక సంవత్సరం లెక్కలు.

జీపీఏ ఉంటే సరిపోదా?

సరిపోదు. సంతకం పెట్టేది ఇక్కడున్న అమ్మీ అయినా, తమ్ముడైనా, ఇంటి యజమాని ఎన్నారై అయితే సెక్షన్ 195 వర్తిస్తుంది. ఎన్నారై అవునా కాదా అనేది ఆధార్‌ని బట్టి కాదు, ముఖ్యంగా ఆ ఏడాది ఇండియాలో ఎన్ని రోజులు ఉన్నారన్నదాన్ని బట్టి తేలుస్తారు. అన్నదమ్ముల మధ్య అమ్మకమైనా మినహాయింపు లేదు.

ఒక ఉదాహరణ

భాయ్ 25 లక్షలకు కొన్న ఇంటిని చాలా ఏళ్ల తర్వాత 40 లక్షలకు అమ్ముతున్నాడనుకుందాం. మొత్తం ధర మీద పట్టుకుంటే 5 లక్షల 20 వేలు. అసలు లాభం 15 లక్షలే కాబట్టి నిజంగా పడే పన్ను 1 లక్షా 95 వేలు. మిగతా 3 లక్షల 25 వేలు రిటర్న్ వేసి రీఫండ్ తెచ్చుకోవాలి. అన్ని నెలలు డబ్బు ఆగిపోకుండా, అమ్మేవారు ముందే ఫారం 13తో తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. బయానాకు ముందే ఈ పని మొదలుపెట్టడం మేలు.

కొనేవారు చేయాల్సినవి

- అమ్మేవారు ఎక్కడ ఉంటున్నారో అడగండి, అగ్రిమెంట్‌లో రాయించండి.
- టాన్ నంబర్ తీసుకోండి.
- బయానాతో సహా ప్రతి చెల్లింపులో టీడీఎస్ పట్టుకోండి.
- మరుసటి నెల 7వ తేదీలోగా కట్టండి (మార్చిలో పట్టుకున్నదైతే ఏప్రిల్ 30 లోగా).
- తర్వాత 27క్యూ స్టేట్‌మెంట్ వేసి, అమ్మినవారికి ఫారం 16ఏ ఇవ్వండి.

పట్టుకోకపోతే నెలకు 1 శాతం, పట్టుకుని కట్టకపోతే నెలకు 1.5 శాతం వడ్డీ. అసలు పన్నును కూడా మీ నుంచే అడగొచ్చు.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో కట్టే 7.5 శాతం చార్జీలు, కార్పొరేషన్‌కు కట్టే ఇంటి పన్ను వేరు, ఇది వేరు. అవి కట్టిన రసీదులు చూపిస్తే టీడీఎస్ తీరదు.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలుతో సెక్షన్, ఫారం నంబర్లు మారతాయి. అందుకే సౌదా ఖాయం చేసుకునే ముందే ఆడిటర్‌ను కలవండి. డబ్బు మొత్తం భాయ్ చేతికి వెళ్లిపోయాక పన్ను వాటా వెనక్కి అడగాలంటే చుట్టరికమే చెడుతుంది.