పాత కంప్యూటర్ నుంచి కొత్తదానికి: ఫైలు చేరితే అక్షరం చేరినట్టేనా?

సూరత్ మరమగ్గాల నగరం. ఇక్కడి వస్త్ర పరిశ్రమలో పనికోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన ఎన్నో తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. నగర శివారు వడోద్‌లో అలాంటి ఒక ఇంట్లో పాత కంప్యూటర్ ఉందనుకుందాం. అందులో పిల్లల ఫొటోలు, పెళ్లి వీడియో, ఊళ్లోని భూమి కాగితాల స్కాన్లు, పదిహేనేళ్ల కిందట తెలుగులో టైపు చేయించిన శుభలేఖ, సంఘం లెక్కలు ఉన్నాయి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాంతో చాలా ఇళ్లలో కొత్త కంప్యూటర్ కొనే ఆలోచన మొదలైంది. మరి పాతదానిలోని సమాచారం సంగతేమిటి?

కాపీ అంటే ఏమిటి?

కంప్యూటర్‌కు ఫొటో అయినా ఉత్తరం అయినా ఒకటే: సున్నాలు, ఒకట్ల వరుస. పాత హార్డ్‌డిస్క్ ఈ వరుసను తిరిగే పళ్లెంపై అతి చిన్న అయస్కాంత ప్రాంతాల దిశలుగా దాస్తుంది. పెన్‌డ్రైవ్, ఎస్‌ఎస్‌డి విద్యుదావేశంగా దాస్తాయి. కాపీ చేయడమంటే ఒకచోట ఆ వరుసను చదివి మరోచోట మళ్లీ రాయడం. చదవడంలోనో రాయడంలోనో పొరపాటు జరగవచ్చు. అందుకే ‘కట్’ చేసి తరలించడం కంటే ‘కాపీ’ చేయడం క్షేమం. పాతది చెక్కుచెదరకుండా ఉంటుంది.

దీనికి ఎంత సమయం పడుతుంది? సెకనుకు 30 మెగాబైట్ల చొప్పున వెళితే 100 గిగాబైట్లకు సుమారు 55 నిమిషాలు. చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఇంకా ఎక్కువ, ఎందుకంటే ప్రతి ఫైలుకూ పేరు, చోటు విడిగా నమోదు చేయాలి. పెన్‌డ్రైవ్‌లో ఖాళీ ఉన్నా పెళ్లి వీడియో ఎక్కకపోతే అది ‘ఫ్యాట్32’ పద్ధతిలో ఫార్మాట్ అయిందేమో చూడాలి. ఆ పద్ధతిలో ఒక్కో ఫైలు 4 గిగాబైట్లు దాటకూడదు. ‘ఎక్స్‌ఫ్యాట్’‌కు ఆ ఇబ్బంది లేదు. అయితే కొత్తగా ఫార్మాట్ చేస్తే పెన్‌డ్రైవ్‌లో అప్పటికే ఉన్నదంతా పోతుంది.

డాక్యుమెంట్స్ ఫోల్డర్ ఒక్కటే కాపీ చేస్తే చాలదు. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, బ్రౌజర్ బుక్‌మార్కులు, లెక్కల సాఫ్ట్‌వేర్ తన డేటా దాచుకున్న చోటు కూడా వెతకాలి.

తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు

అన్నీ సరిగ్గా కాపీ అయ్యాయి. అయినా కొత్త కంప్యూటర్‌లో శుభలేఖ తెరిస్తే తెలుగు బదులు అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఫైలు పాడైందని చాలామంది దాన్ని తీసేస్తారు. నిజానికి ఒక్క బిట్టు కూడా పోలేదు.

డీటీపీ కేంద్రాల్లో, పత్రికల్లో ఏళ్లపాటు వాడిన అను వంటి ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన సంఖ్యల స్థానంలోనే తెలుగు అక్షరాల బొమ్మలను అమర్చుకున్నాయి. ఫైలులో ఉన్నది ఆ సంఖ్యలే. తెలుగు రూపం ఫాంటులో ఉంది. ఫాంటు లేని కంప్యూటర్‌కు అవి ఇంగ్లిష్ అక్షరాలే.

యూనికోడ్ ఈ గందరగోళం లేకుండా తెలుగుకు సొంత సంఖ్యలిచ్చింది. 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు తెలుగువి. అందులో ‘అ’ సంఖ్య 3077, ‘క’ సంఖ్య 3093. ఏ ఫాంటు వాడినా, ఏ కంప్యూటర్‌లో తెరిచినా ‘క’ ‘క’గానే ఉంటుంది.

కాబట్టి పాత కంప్యూటర్ పనిచేస్తుండగానే ఒక పని చేయాలి. పాత తెలుగు ఫైళ్లను అందులోనే తెరిచి పీడీఎఫ్‌గా దాచుకోవాలి. సాధారణంగా ఫాంటు కూడా పీడీఎఫ్‌లో చేరుతుంది కనుక రూపం చెడదు. ఆ పాఠ్యాన్ని మళ్లీ వాడుకోవాలంటే మాత్రం యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణంతో మార్చి, ఒత్తులు, గుణింతాలు సరిచూసుకోవాలి.

సరిచూసుకున్నాకే చెరపాలి

ముందుగా రెండుచోట్లా ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం పోల్చాలి. పరిమాణం సరిపోయినా లోపలిది మారి ఉండవచ్చు. ముఖ్యమైన ఫైళ్లకు ‘ఎస్‌హెచ్‌ఏ-256’ వంటి హ్యాష్ లెక్కించవచ్చు. ఇది ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఒక్క బిట్టు మారినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. రెండు ముద్రలూ ఒకటైతే కాపీ సరైనదే. తర్వాత కొన్ని ఫొటోలు, వీడియోలు, తెలుగు ఫైళ్లు తెరిచి కళ్లతో చూడాలి.

ఒకే ఇంట్లో రెండు కాపీలుంటే చాలా? 2006 ఆగస్టులో తాపీ వరద సూరత్‌లో అధిక భాగాన్ని ముంచెత్తింది. అలాంటి నీళ్లు పాత కంప్యూటర్‌నూ కొత్తదాన్నీ కలిపే ముంచుతాయి. అందుకే ఒక కాపీ క్లౌడ్‌లోనో, ఊళ్లో బంధువుల ఇంట హార్డ్‌డిస్క్‌లోనో ఉండాలి.

చివరగా, పాతది అమ్మేముందు ఫైళ్లను ‘డిలీట్’ చేస్తే సరిపోదు. హార్డ్‌డిస్క్‌లో డిలీట్ సాధారణంగా ఫైలు చిరునామాను మాత్రమే తీసేస్తుంది. సమాచారం దానిమీద వేరేది రాసేవరకు అక్కడే ఉంటుంది. పూర్తిగా తుడిచే ‘రీసెట్’ సదుపాయం వాడాలి. అయితే ఆ బటన్ నొక్కాల్సింది కొత్త కంప్యూటర్‌లో శుభలేఖ తెలుగులో చదవగలిగిన తర్వాతే.