ఎత్తుబండ్ల నడకను చక్కబఱచుట

జొన్నచొప్పను బండికెత్తి యింటికి తోలుకొన్న రైతునకు ఒక సంగతిని ఎవ్వరును నేర్పనక్కఱలేదు. ధాన్యపు బస్తాలు నింపిన బండి గాడి దాటునపుడు అంతగా భయముండదు. అంతకంటె తక్కువ తూకముగల చొప్పను ఎత్తుగా పేర్చిన బండి మాత్రము ఒక చక్రము గాడిలో దిగినంతనే ప్రక్కకొరగును. బరువెంత యనుదానికంటె ఆ బరువు ఎంత యెత్తున నున్నదనునదే ముఖ్యము. నేడు కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల పల్లెలలో తఱచుగా కనబడు ఎస్.యు.వి. బండ్ల విషయమునను ఇదియే మొదటి పాఠము.

ఈ బండ్లకు మూలపురుషుడు జీపు. రాళ్లును గోతులును గల బాటలలో నేల తగులకుండుటకై దానిని ఎత్తుగా కట్టిరి. ఆ యెత్తు నేటి బండ్లకును వచ్చినది. కాని బాటలు మాఱినవి. రాజీవ్ రహదారిపైనను, నిర్మల్ మీదుగా ఆదిలాబాదునకు పోవు 44వ జాతీయ రహదారిపైనను బండ్లు మిక్కిలి వేగముగా పోవుచున్నవి. నల్లరేగడి నేలమీది రోడ్లా, వానకు ఉబ్బి యెండకు కుంచించుకొను మట్టివలన కొన్నాళ్లకే అలలు తేలును. అట్టి చోట బండి ఊగుచున్నదని యువకులు దాని సస్పెన్షనును మార్పింప నుద్యుక్తులగుచున్నారు. సొమ్మిచ్చువారును, ఆ బండిలో కూర్చుండి జాతరకు పోవువారును పెద్దలే గనుక, ఏది మార్పింపదగినది, ఏది కూడదు అనుట వారెఱిగియుండవలయును.

సస్పెన్షను అనగా చక్రములకును పైకట్టునకును నడుమనున్న యమరిక. ఇందు ముఖ్యముగా నాలుగు భాగములు గలవు. మొదటిది స్ప్రింగు. బొలెరోవంటి బండ్లకు వెనుక కమానుపట్టీలుండును, ముందు చుట్టుస్ప్రింగులుండును. ఇవి బరువును మోయును. రెండవది షాకబ్జార్బరు. ఇది బరువు మోయదు. నొక్కబడిన స్ప్రింగు మఱల మఱల ఎగిరిపడకుండ, లోపలి నూనెను సన్నని రంధ్రములగుండ పోనిచ్చి, ఆ యూపును అణచును. మూడవది స్టెబిలైజరు బారు. ఇది కుడియెడమ చక్రముల నడుమనుండు ఇనుపకడ్డీ. మలుపులో ఒక ప్రక్క క్రుంగినపుడు ఈ కడ్డీ మెలిపడి బండి యొరగుటను తగ్గించును. నాలుగవది కీలుకీలునకు నుండు రబ్బరు బుష్షులు.

వడిసెల త్రిప్పినవారికి మలుపులోని బలము తెలియును. ఎంత వడిగా త్రిప్పిన రాయి అంత గట్టిగా చేతిని లాగును. బండి మలుపు తిరుగునపుడును ఇట్టి లాగుడే కలుగును. వేగము రెట్టింపైనచో ఈ బలము రెట్టింపు కాదు, నాలుగింతలగును. గంటకు 30 కిలోమీటర్ల వేగమున సుఖముగా తిరిగిన మలుపే 60 కిలోమీటర్లలో ప్రాణాంతకము కావచ్చును.

చిన్న లెక్క చూతము. చక్రముల నడిమి వెడల్పులో సగము 70 సెంటీమీటర్లు, బరువుకేంద్రము నేలనుండి 70 సెంటీమీటర్ల యెత్తున నున్నదనుకొనుడు. అట్టి బండి పడిపోవుటకు దాని తూకమంత ప్రక్కబలము కావలయును. దానినే ఐదు సెంటీమీటర్లు ఎత్తు చేయించినచో తూకములో నూటికి 93 వంతుల బలమే చాలును. పైకప్పుమీద సామాను కట్టి ఆ కేంద్రమును 85 సెంటీమీటర్లకు చేర్చినచో 82 వంతులు చాలును. నిజముగా బండి ఒరుగుట, టైర్లు నలుగుట యను వానివలన ఇంతకు ముందే చక్రములు లేచును. కాబట్టి అందముకొఱకు బండినెత్తు చేయించుట, రోడ్డుమీది నడకకు మేలు కాదు, కీడు.

మఱి చేయవలసినదేమి? ముందుగా క్రొత్త వస్తువులను కొనకుండ, అఱిగిన వానిని మార్పింపవలయును. టైర్లలో గాలి తయారీదారు చెప్పిన కొలతకు ఉన్నదా, టైర్లు పగుళ్లు పట్టినవా, బుష్షులు చిట్లినవా, చక్రములు ఒకదానికొకటి సరియైన వరుసలో నున్నవా చూడవలయును. షాకబ్జార్బరుపై నూనె కారినజాడ యున్నచో అది చెడినదని యెఱుగుడు. బండి మూలను గట్టిగా నొక్కి విడిచినపుడు రెండు మూడు మారులు ఊగినచో అదియును చెడుటకు గుర్తే. మార్చునపుడు ఒక యిరుసునకుగల రెండింటిని కలిపి మార్పింపవలయును. సగము బండ్లకు ఈపాటి వైద్యమే చాలునన్న అతిశయోక్తి కాదు.

ఇంకను మెఱుగు కావలయునన్నచో, ఆ బండికే యుద్దేశింపబడిన వాయువు నింపిన షాకబ్జార్బర్లు రెండవ మెట్టు. గతుకులలో చాలదూరము పోయినపుడు నూనె వేడెక్కి నురుగు పట్టి పట్టు తప్పును. వాయుపీడనము ఆ నురుగును తగ్గించును. మూడవ మెట్టు స్టెబిలైజరు. ముందువైపునే మిక్కిలి బిగువు చేసినచో బండి మలుపున నేరుగా బయటికి సాగును. వెనుకవైపునే చేసినచో తోక జారును. కనుక రెండింటికి పొత్తు కుదుర్పగల పనివాడు కావలయును. స్ప్రింగు బిగువును పెంచుట చివరి మెట్టు. స్ప్రింగు బిగిసినచో దానికి తగిన షాకబ్జార్బరును వేయకతప్పదు.

పత్తి బస్తాలకొఱకో, పెండ్లివారి కొఱకో కమానులకు ఒక పట్టీ యదనముగా వేయించువారున్నారు. దీనివలన బండి క్రుంగకపోవచ్చును గాని, బ్రేకులును టైర్లును ఇరుసును మునుపటివే. మోయదగిన బరువు వీసమంతయు పెరుగదు. పైగా ఖాళీగా పోవునపుడు ఆ బిగువువలన చక్రము గతుకుపై నెగిరి రోడ్డును విడుచును. రోడ్డును విడిచిన చక్రము తిరుగనైనను ఆగనైనను సాయపడదు. బఱ్ఱె యడ్డము వచ్చిన క్షణమున ఈ భేదమే ప్రాణభేదము.

చట్టమును మఱవరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన మూలలక్షణములను ఇచ్చవచ్చినట్లు మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమునే దృఢపఱచినది. అదే సంవత్సరపు సవరణవలన, అనుమతిలేని యొక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా, ఆరునెలల వఱకు కారాగారము విధింపవచ్చును. చెడిన భాగమునకు బదులు అదే కొలత భాగమును వేయుట వేఱు. బండి యెత్తును మార్చుట వేఱు. ప్రమాదము జరిగిననాడు బీమాసంస్థయు ఈ సంగతినే యడుగును.

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటురోడ్డుపై, కొలతకు మించి జనమునెక్కించుకొన్న బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి. ఆ ఘోరమునకు కారణములను విచారించుట ఈ ప్రసంగమున నా పని కాదు. ఎంత మంచి షాకబ్జార్బరైనను అదనపు బరువును, అదనపు వేగమును క్షమింపజాలదని మాత్రము చెప్పుదును. మహబూబ్ ఘాటు దిగునపుడైనను, కేస్లాపురము నాగోబా జాతరకు పోవునపుడైనను బరువైన సామాను క్రిందనే యుంచుడు. పైకప్పును ఖాళీగా విడువుడు.

ఇంటి పిల్లవాడు బండి సస్పెన్షను మార్పింతునన్న వద్దని కసరనక్కఱలేదు. "చక్రము నేలను విడువకుండుటకా, బండి యెత్తుగా కనబడుటకా?" యని ఒక్కమాట యడుగుడు. మొదటిదైన సొమ్మిండు. రెండవదైన చొప్పబండి కథ చెప్పుడు.