గోడమీది చీటీలు

ఒక పాఠశాలలో ఐదుగురు విద్యార్థులు వైజ్ఞానిక ప్రదర్శనకోసం వర్షమాపకం తయారు చేస్తున్నారనుకొందాం. "గరాటు అయిందా?" అని ఉపాధ్యాయుడు అడిగితే, "అయిందండీ" అన్నాడొకడు. రేకు కత్తిరించటం అయిందని అతని భావం. అతుకు కూడా పడిందని రెండవవాడు అనుకొన్నాడు. నీరు పోసి చూశారు కాబోలునని మూడవ అమ్మాయి అనుకొన్నది. అబద్ధమాడినవారెవరూ లేరు, ఒక్క మాటకు మూడు అర్థాలున్నవి, అంతే. ప్రదర్శన ముందురోజున గరాటు కారినప్పుడుగాని ఈ సంగతి బయటపడదు.

ఇటువంటి చిక్కుకు పనికివచ్చే సాధనమొకటి జపాను కర్మాగారాలలో పుట్టింది. దాని పేరు కాన్‌బాన్. జపాను భాషలో ఈ మాటకు దుకాణం ముందు కట్టే బోర్డు అని అర్థం. టొయోటా మోటారు కర్మాగారంలో తైచీ ఓనో అనే ఇంజనీరు 1950 తరువాతి సంవత్సరాలలో దీనిని అమలుపరచాడు. భాగాలున్న పెట్టెతోపాటు ఒక కార్డు నడుస్తుంది. వాడుకొన్న భాగాలకు బదులు కావాలని ఆ కార్డు వెనుకకు వస్తేనే క్రొత్తవి తయారుచేస్తారు. 2000 తరువాత కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసే జట్లు ఈ పద్ధతిని తమకు తగినట్లు మార్చుకొన్నవి. కర్మాగారంలో సగం చేసిన వస్తువులు నేలమీద పేరుకొని కంటికి కనబడతాయి. ప్రోగ్రాములలో సగంపని ఎవరికీ కనబడదు గదా! అందుచేత దానిని గోడమీదికి ఎక్కించారు.

నల్లబల్లమీద మూడు గళ్ళు గీయండి: చేయవలసినవి, జరుగుతున్నవి, అయినవి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క చీటీ. అయితే అసలు కీలకం గళ్ళలో లేదు. గీత దాటటానికి ఏమి కావాలో జట్టంతా కలిసి ముందుగా వ్రాసుకోవటంలో ఉన్నది. "నీరు పోసి గంటసేపు ఉంచినా కారలేదు" అని వ్రాసి ఉంటే, గరాటు విషయంలో "అయింది" అన్న మాటకు ఇక ఒకే అర్థం.

రెండవ నియమం, నడిమి గడిలో ఉండదగిన చీటీల సంఖ్యకు హద్దు. దీని వెనుక గణితం ఉన్నది. 1961లో అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ లిటిల్ ఒక సూత్రాన్ని నిరూపించాడు. పని నిలకడగా సాగుతున్నప్పుడు, చేతిలో ఉన్న పనుల సగటు సంఖ్యను వారానికి పూర్తయ్యే సంఖ్యతో భాగిస్తే, ఒక్కొక్క పనికి పట్టే సగటు కాలం వస్తుంది. వారానికి 2 పనులు పూర్తిచేసే జట్టు 10 పనులు చేపడితే ఒక్కొక్కటి 5 వారాలు పడుతుంది. 4 చేపడితే 2 వారాలే. మొత్తం వేగం పెరగలేదు. కాని గరాటు కారుతుందన్న సంగతి అయిదవ వారంలో కాక రెండవ వారంలోనే తెలుస్తుంది. దిద్దుకొనేందుకు వ్యవధి ఉంటుంది.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఈ బల్లను చూసి ఎవరు సోమరులో లెక్కకట్టబోకండి. అలా చేస్తే పనికంటె చీటీలే ముందు నడుస్తాయి. రోజూ ఐదు నిమిషాలు బల్లముందు నిలబడి, కుడివైపునుండి మొదలుపెట్టి, కదలని చీటీకి ఏమి అడ్డమొచ్చిందో మాత్రం అడగండి. చాలాసార్లు అది విద్యార్థి తప్పు కాదు. దుకాణంలో రేకు దొరకకపోవటమే కావచ్చును.