కంపవాతమునకు మోతాదు కుదిర్చిన వైద్యుడు

కంపవాతము మన దేశమున పూర్వము నుండియు ఎరిగిన రోగమే. 1817 లో లండను వైద్యుడు జేమ్సు పార్కిన్సను ఆరుగురు రోగుల స్థితిని వర్ణించి గ్రంథము వ్రాయుటచే పాశ్చాత్య వైద్యమున దీనికి ఆయన పేరు స్థిరపడినది. విశ్రాంతిగా నున్న చేయి వణకును, కండరములు బిగిసికొనును, అడుగులు కురుచలగును, ముఖమున భావము తోపదు. తొలి దశలలో పెక్కుమందికి బుద్ధి నిలిచియే యుండును గాని, చొక్కా గుండీ పెట్టుకొనుటకు గడియసేపు పట్టును.

ఇట్టివారిని మరల నడిపించిన వైద్యులలో డాక్టరు జార్జి కోట్జియాస్ ముఖ్యుడు. ఆయన 1918 లో గ్రీసు దేశపు క్రీటు ద్వీపమున జన్మించెను. 1941 లో జర్మనుల ఆక్రమణ కారణమున స్వదేశము వీడి అమెరికా చేరి, 1943 లో హార్వర్డులో వైద్యపట్టము పొందెను. పిమ్మట న్యూయార్కు రాష్ట్రమునందలి బ్రూక్‌హేవెన్ జాతీయ పరిశోధనాలయమున పనిచేసెను. చిలీ దేశమున మాంగనీసు ధూళిని పీల్చిన గని కార్మికులకు కంపవాతమును పోలిన లక్షణములు కలుగుట ఆయన దృష్టి నాకర్షించెను. (మాంగనీసు గనులు మన విజయనగరము ప్రాంతము వారికిని క్రొత్తవి గావు.)

ఈ రోగుల మెదడులో డోపమీను అను ద్రవ్యము క్షీణించునని వియన్నాలో హోర్నికీవిచ్ 1960 లో చూపియుండెను. డోపమీను రక్తము నుండి మెదడులోనికి పోజాలదు. లీవోడోపా పోగలదు, పోయి డోపమీనుగా మారును. 1961 లో బిర్క్‌మాయర్ దానిని సూదిమందుగా ఇచ్చి చూడగా గుణము కనబడెను గాని కొలది గంటలలోనే తీరిపోయెను. ఇతరుల ప్రయత్నములు సందిగ్ధముగా ముగియుటచే పెక్కురు ఆశ వదలిరి.

కోట్జియాస్ ఆలోచన మొదట వేరు. మెదడులోని నల్లని కణములకు పోయిన రంగును తిరిగి కలిగింపవలెనని ఆయన డోపాను వాడెను. ఊహ సరియైనది కాదు, విధానము సరియైనది. స్వల్పమైన మోతాదుతో నారంభించి, వారముల తరబడి కొంచెము కొంచెముగా పెంచి, దినమునకు 3 మొదలు 16 గ్రాముల వరకు తీసికొనిపోయెను. 1967 లో ప్రకటించిన ఫలితములలో 16 మందికి 8 మందియందు గొప్ప గుణము కనబడెను. కొందరి రక్తమున తెల్లకణములు తగ్గుటయు ఆయన దాచలేదు. పిమ్మట శుద్ధమైన లీవోడోపాను 28 మందికి ఇచ్చి 1969 లో మరల ప్రకటించెను. పలువురి అవయవములు తమంతట తామే కదలాడుచున్నవనియు అందు వ్రాసెను. ఆ యేడే లాస్కరు బహుమానము లభించెను.

లీవోడోపాకు మన నేలతోను సంబంధము కలదు. దూలగొండి గింజల నుండి దీనిని 1937 లో మదరాసులో దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. అయినను గింజలను ఇంటనే నూరి మ్రింగుట క్షేమము గాదు. వానిలో మందు ఎంత యున్నదో రోగికి తెలియదు గదా.

నేడు లీవోడోపాను కార్బిడోపాతో కలిపి మాత్రగా ఇచ్చుచున్నారు. మెదడు చేరకముందే మందు మారిపోకుండ కార్బిడోపా కాపాడును. వాంతులు తగ్గును, చిన్న మోతాదే చాలును. ఇది రోగమును మాన్పదు, లక్షణముల నణచును. ఏండ్లు గడచినకొలది రెండు మోతాదుల నడుమ గుణము సన్నగిల్లవచ్చును. అంతమాత్రమున గాని, ఒడలు తేలికయైనదని గాని మందును హఠాత్తుగా మానరాదు. తీవ్ర జ్వరమును, కండరముల బిగువును కలిగి ప్రాణాపాయము రావచ్చును.

కోట్జియాస్ 1977 లో ఊపిరితిత్తుల క్యాన్సరుచే మరణించెను. ఈ మందును ఇచ్చునపుడు వైద్యులు నేటికిని స్వల్ప మోతాదుతోనే ఆరంభించి మెల్లగా పెంచుచున్నారు.