బిజినెస్ స్కూల్ రీసెర్చ్ సెమినార్‌లో ఏం జరుగుతుంది? నారపల్లి షాపుల లెక్కతో ఈజీగా అర్థం చేసుకోండి

సెమినార్ అనగానే చాలామందికి గుర్తొచ్చే సీన్ ఒకటే. స్టేజీ మీద ఫ్లెక్సీ, జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథికి శాలువా, చివర్లో సర్టిఫికెట్లు, ఆ తర్వాత భోజనాలు. కానీ యూనివర్సిటీ బిజినెస్ స్కూళ్లలో జరిగే రీసెర్చ్ సెమినార్ వేరు. ఓ చిన్న గది, ప్రొజెక్టర్, పదిహేను ఇరవై మంది మనుషులు. గంట, గంటన్నర పాటు ప్రశ్నల మీద ప్రశ్నలు. ఇంతకీ అక్కడ ఏం తేలుస్తారు? దాంతో మామూలు జనానికి పనేంటి? ఓసారి చూద్దాం.

అసలు సెమినార్ ఎందుకు?

ఒక పరిశోధకుడు ఇంకా పూర్తి కాని తన పేపర్‌ను తోటివాళ్ల ముందు పెడతాడు. వినేవాళ్ల పని మెచ్చుకోవడం కాదు.. అందులో లోపాలు వెతకడం. ఫైనాన్స్, ఎకనామిక్స్ వాళ్లయితే రెండో స్లైడ్ దగ్గరే ఆపి అడుగుతారు. అచ్చయ్యాక తప్పు దొరికితే పరువు పోతుంది. ముందే దొరికితే సరిదిద్దుకోవచ్చు. ఈ సెమినార్ల అసలు ఉద్దేశం ఇదే.

హైదరాబాద్‌లో బిజినెస్ రీసెర్చ్ చేసే సంస్థలకు కొదవ లేదు. ఉస్మానియాలో బిజినెస్ మేనేజ్‌మెంట్ విభాగం ఉంది. అదే క్యాంపస్‌లో 1964లో మొదలైన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్ ఉంది. గచ్చిబౌలి వైపు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, 2001లో మొదలైన ఐఎస్‌బీ ఉన్నాయి. నారపల్లి దాటి ఘట్‌కేసర్ వైపు వెళ్తే వెంకటాపూర్‌లో, 2020లో ప్రైవేట్ యూనివర్సిటీగా మారిన అనురాగ్ కూడా ఎంబీఏ చదివిస్తోంది.

నారపల్లి రోడ్డు మీద షాపుల లెక్క

ఉప్పల్ నుంచి నారపల్లి వరకు దాదాపు 6 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. దుమ్ము, గుంతలు, ట్రాఫిక్ జామ్‌తో గిరాకీ పోయిందని రోడ్డు పక్క వ్యాపారులు మొత్తుకున్నారు. దీనిపై ఓ పీహెచ్‌డీ స్కాలర్ సర్వే చేశాడనుకుందాం. బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి, నారపల్లిలో 100 షాపులు తిరిగాడు. 80 మంది వ్యాపారం పడిపోయిందన్నారు. లెక్క తేలిపోయినట్టే కదా? సెమినార్ గదిలో మాత్రం అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

మొదటి ప్రశ్న.. దేనితో పోల్చి చెబుతున్నారు? 2020లో లాక్‌డౌన్ వచ్చింది. ఆన్‌లైన్ షాపింగ్ పెరిగింది. ఫ్లైఓవర్ పనులు లేని రోడ్డు మీద కూడా గిరాకీ తగ్గి ఉండొచ్చు. కాబట్టి నాచారం, మల్లాపూర్ లాంటి చోట ఇలాంటి షాపుల్నే తీసుకుని, రెండుచోట్లా ఎంత తగ్గిందో చూడాలి. ఆ తేడా ఎంతో అదే ఫ్లైఓవర్ పనుల దెబ్బ.

రెండో ప్రశ్న.. మూతపడ్డ షాపుల సంగతేంటి? సర్వేకి వెళ్లిన రోజు షట్టర్ తెరిచి ఉన్నవాళ్లనే అడిగారు. అందరికంటే ఎక్కువ నష్టపోయినవాళ్లు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయారు. వాళ్లను కలపకపోతే నష్టం అసలు కంటే తక్కువగా కనిపిస్తుంది.

మూడో ప్రశ్న.. అమ్మకాల అంకె ఎక్కడిది? గుర్తున్నంత వరకు చెప్పిందా, బిల్లుల్లో ఉన్నదా? నష్టపరిహారం వస్తుందేమో అన్న ఆశ ఉన్నచోట అంకె కాస్త పెరుగుతుంది. చిన్న కిరాణా కొట్లకు జీఎస్టీ రిటర్నులు ఉండవు. అలాంటప్పుడు హోల్‌సేల్ కొనుగోలు చీటీలు, యూపీఐ వసూళ్లు, కరెంటు బిల్లులు చూశారా అని అడుగుతారు.

ఇంకొకరు లేచి, గుంతల వల్ల పంక్చర్ షాపులకు గిరాకీ పెరగలేదా అంటారు. గదిలో నవ్వులు. కానీ ప్రశ్న సరైనదే. ఎవరికి నష్టం, ఎవరికి లాభం అనేది విడివిడిగా చూపించాల్సిందే.

ఇదంతా వ్యాపారుల కష్టాన్ని అనుమానించడం కాదు. కష్టం నిజమే అయినా లెక్క బలంగా లేకపోతే, పరిహారం ఫైలును ఓ అధికారి రెండు నిమిషాల్లో పక్కన పడేస్తాడు. ఆ రెండు నిమిషాల్లో వచ్చే ప్రశ్నలేవో సెమినార్‌లోనే వచ్చేస్తే, జవాబు సిద్ధం చేసుకునే టైమ్ దొరుకుతుంది.

హైదరాబాద్ బస్తీల్లో జరిగిన అసలు పరీక్ష

ఈ 'దేనితో పోల్చి' అన్న ప్రశ్నకు పేరొందిన జవాబు హైదరాబాద్ బస్తీల నుంచే వచ్చింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి మైక్రోఫైనాన్స్ మీద స్టడీ చేశారు. అప్పు తీసుకున్నవాళ్లను, తీసుకోనివాళ్లను నేరుగా పోలిస్తే తప్పు. ఎందుకంటే కాస్త ధైర్యం, వ్యాపారం మీద ఆసక్తి ఉన్నవాళ్లే ముందుగా అప్పుకు వస్తారు. అందుకే నగరంలో 104 బస్తీలు ఎంచుకుని, లాటరీ పద్ధతిలో సగం చోట్ల, అంటే 52 బస్తీల్లో స్పందన సంస్థ ముందుగా బ్రాంచీలు తెరిచేలా చూశారు. మిగతా 52 బస్తీలతో పోల్చారు.

ఫలితం రెండు పక్షాలకూ షాకే. అప్పులు పేదరికాన్ని పోగొడతాయని ప్రచారం చేసినవాళ్ల మాట తేలలేదు. ఇంటి ఖర్చులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పిల్లల చదువు, ఆరోగ్యం, మహిళల మాటకు విలువ వంటివాటిలోనూ పెద్ద తేడా కనిపించలేదు. అలాగని అప్పుల వల్ల కుటుంబాలన్నీ మునిగిపోయాయని కూడా తేలలేదు. మన్నికైన వస్తువుల మీద ఖర్చు పెరిగింది. అప్పటికే బాగా నడుస్తున్న వ్యాపారాలకు కొంత లాభం వచ్చింది. 2009లో తొలి ఫలితాలు బయటికొచ్చినా, పేపర్ జర్నల్‌లో అచ్చయింది 2015లో. బెనర్జీ, డఫ్లోలకు 2019లో నోబెల్ వచ్చింది.

ఎవరూ అడగకపోతే ఏమవుతుంది?

దీనికీ ఓ ఉదాహరణ ఉంది. దేశం అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి కుప్పకూలుతుందని 2010లో రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ప్రముఖ ఆర్థికవేత్తలు పేపర్ రాశారు. ఖర్చులు తగ్గించాలన్న నాయకులు చాలా దేశాల్లో దాన్నే చూపించారు. అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీలో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి క్లాస్‌వర్క్ కోసం ఆ లెక్క మళ్లీ వేయబోతే కుదరలేదు. ఎక్సెల్ షీట్ పంపమని రచయితలనే అడిగాడు. చూస్తే సగటు తీసే దగ్గర 5 దేశాలు మిస్! ఇతర మార్పులూ కలిపి మళ్లీ లెక్కేస్తే, మైనస్ 0.1 శాతం అన్న వృద్ధి ప్లస్ 2.2 శాతంగా తేలింది. ఇది 2013లో బయటపడింది. ఎక్సెల్ తప్పును ఒప్పుకున్న రచయితలు, తమ ప్రధాన వాదన మాత్రం నిలబడుతుందన్నారు.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ స్కాలర్ ప్రతి సెమిస్టర్‌లో రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు తన పని చూపించాలి. థీసిస్ సమర్పించే ముందు కూడా ప్రెజెంటేషన్ ఉంటుంది. అధ్యాపకులు, తోటి స్కాలర్లు దానికి రావచ్చు. థీసిస్‌కు ముందు జర్నల్‌లో పేపర్ తప్పనిసరి అన్న పాత షరతును ఈ నిబంధనల్లో తీసేశారు. అందుకే గదిలో పడే ప్రశ్నల బరువు ఇప్పుడు ఇంకా పెరిగింది. వాటిని మొక్కుబడిగా ముగిస్తే, తప్పులు నేరుగా థీసిస్‌లోకి వెళ్లిపోతాయి.

సో, ఎంబీఏ, ఎంకామ్ చదువుతూ పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవాళ్లు, ముందుగా తమ డిపార్ట్‌మెంట్‌లో ఇలాంటి ప్రెజెంటేషన్ ఎప్పుడుందో కనుక్కుని అనుమతి తీసుకుని వెళ్లి కూర్చుంటే మంచిది. సబ్జెక్ట్ సగమే అర్థమైనా పర్లేదు, ప్రశ్నలు ఎలా అడుగుతారో తెలుస్తుంది. ఇక వ్యాపారులకు ఒక మాట. ఎవరైనా సర్వే ఫారం పట్టుకుని షాపుకొస్తే, మా లెక్కను ఏ ఏరియాతో పోలుస్తున్నారు, మూతపడ్డ షాపులవాళ్లను కూడా అడుగుతున్నారా అని అడగండి. జవాబు రెడీగా ఉంటే, ఆ సర్వే మీ కష్టాన్ని గట్టిగా చెప్పగలదు.